టి కణానికి రెండో సంకేతం

2006 మార్చి 13, సోమవారం. లండన్ నగరంలోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి. అక్కడి పరిశోధన విభాగంలో ఎనిమిది మంది యువకులు ఉదయాన్నే వరుసగా మంచాలమీద పడుకుని ఉన్నారు. వాళ్లలో ఎవరికీ ఏ జబ్బూ లేదు. ఒక కొత్త మందును మొట్టమొదటిసారిగా మనుషులకు ఇచ్చి చూడటానికి ఒప్పుకుని వచ్చిన ఆరోగ్యవంతులు వాళ్లు. అందుకు ఒక్కొక్కరికీ సుమారు రెండువేల పౌన్లు ఇస్తామన్నారు.

ఎనిమిదిమందిలో ఇద్దరికి ఉత్త సెలైన్ లాంటి ద్రవం ఎక్కించారు. ఎవరికి ఏది ఇస్తున్నారో వాళ్లకు తెలియదు. మిగిలిన ఆరుగురికీ అసలు మందు ఎక్కించారు. మనిషికీ మనిషికీ మధ్య వ్యవధి పది నిమిషాలు. మోతాదు చాలా స్వల్పం. కోతుల మీద పరీక్షించినప్పుడు ఏ హానీ చేయని మోతాదులో అది 500వ వంతు మాత్రమే.

గంటన్నర తిరక్కుండానే ఆరుగురికీ తలనొప్పి పట్టుకుంది. ఒళ్లునొప్పులు, వాంతులు, చలిజ్వరం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. రక్తపోటు పడిపోయింది. రాత్రికల్లా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది, మూత్రపిండాలు మొరాయించాయి. ఆరుగురినీ ఇంటెన్సివ్ కేర్‌కు తరలించవలసి వచ్చింది. సెలైన్ పొందిన ఇద్దరు మాత్రం పక్క మంచాల మీద కూర్చుని, ఏం జరుగుతోందో అర్థంకాక చూస్తూ ఉండిపోయారు.

ఆ మందు విషం కాదు, అందులో సూక్ష్మజీవులూ కలవలేదు. తయారీలో పొరపాటు జరిగిందేమోనని అధికారులు వెతికితే అదీ కనిపించలేదు. మరి జరిగిందేమిటి? ఆ మందు ఆ యువకుల శరీరాల్లో ఒక చిన్న బటన్ నొక్కింది. అంతే! అది ఏ బటనో, ఎక్కడ ఉంటుందో తెలుసుకోవాలంటే మన రక్తంలోని తెల్లకణాల దగ్గరికి వెళ్లాలి.

కాలికి ముల్లు గుచ్చుకుంటే

చెప్పుల్లేకుండా పొలంలో తిరిగి, అరికాల్లో ముల్లు విరిగిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ముల్లు తీయకుండా వదిలేస్తే రెండు మూడు రోజులకు చీము పడుతుంది. అప్పుడు అమ్మమ్మ గజ్జల్లో చెయ్యిపెట్టి చూసి, "బిళ్ల కట్టిందిరా!" అంటుంది. ముల్లు గుచ్చుకున్నది అరికాల్లో. బిళ్ల కట్టింది గజ్జల్లో! ఈ రెండింటికీ సంబంధం ఏమిటని ఎప్పుడైనా ఆలోచించారా?

ఆ బిళ్ల అంటే వాచిన లింఫు గ్రంథి. మామూలు రోజుల్లో అది చిక్కుడుగింజంత ఉండి, చేతికి తగలదు. గాయం దగ్గర డెండ్రైటిక్ కణాలు అనే కావలి కణాలు ఉంటాయి. చెట్టుకొమ్మల్లా ఒళ్లంతా చాచుకుని ఉంటాయి కనుక వాటికి ఆ పేరు వచ్చింది. 1973లో అమెరికాలో రాల్ఫ్ స్టైన్‌మన్ వీటిని వర్ణించాడు. ఆ కావలి కణం గాయంలో దొరికిన బాక్టీరియాను మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కల్లో కొన్నింటిని తన ఒంటిమీద పెట్టుకుని, లింఫు నాళం వెంట గజ్జల్లోని గ్రంథికి ప్రయాణమై వస్తుంది. అక్కడ లక్షలాది టి కణాలు తిరుగుతుంటాయి. ఛాతీలో గుండెకు పైభాగాన ఉండే థైమస్ గ్రంథిలో పెరిగి వచ్చాయి గనుక వాటికి టి కణాలని పేరు.

ఒక్కో టి కణం ఒక్కో రకం ముక్కను మాత్రమే గుర్తుపట్టగలదు. ఒకదానికి ధనుర్వాత క్రిమి విషంలోని ఒక ముక్క తెలిస్తే, ఇంకోదానికి ఫ్లూ వైరస్‌లోని ముక్క తెలుస్తుంది. తనకు తెలిసిన ముక్క కావలి కణం ఒంటిమీద కనిపిస్తే ఆ టి కణం దానికి అతుక్కుంటుంది. ఆ తరువాత ఒకటి రెండై, రెండు నాలుగై, వారం రోజుల్లో వేల సంఖ్యలో పెరుగుతుంది. బిళ్ల కట్టడంలో ఈ పెరుగుదలకూ భాగం ఉంది.

పాఠ్యపుస్తకాల్లో కథ ఇక్కడితో ఆగిపోతుంది. నేను కూడా చాలా ఏళ్లపాటు ఇంతవరకే చెప్పి, నల్లబల్ల తుడిచేసేవాణ్ణి. ఒకసారి పదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "సార్, మన ఒంట్లోవే అయిన ముక్కల్ని గుర్తుపట్టే టి కణాలు పుడితే ఎలా?" అని అడిగింది. సరైన ప్రశ్న! టి కణాల గుర్తింపు శక్తి లాటరీ చీట్లు కలిపినట్టు గుడ్డిగా తయారవుతుంది. అందుచేత మన సొంత కణాల మీదికే తిరగబడే టి కణాలూ పుడుతూనే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగాన్ని థైమస్ గ్రంథే ఏరి చంపేస్తుంది. కొన్ని మాత్రం తప్పించుకుని బయటపడతాయి. మీ ఒంట్లోనూ నా ఒంట్లోనూ అవి ఈ క్షణాన తిరుగుతున్నాయి. అయినా మనం బాగానే ఉన్నాం కదా! ఎందుకని?

ఒక్క ఫిర్యాదు చాలదు

క్లాసులో ఒకడు లేచి, "సార్, వీడు నన్ను కొట్టాడు" అంటాడు. ఆ ఒక్క మాట మీద నేను రెండోవాణ్ణి శిక్షించను. దెబ్బ కనిపించాలి, లేదా చూసినవాళ్లు ఉండాలి. ఫిర్యాదు ఒకటి, ఆధారం ఒకటి. రెండూ ఉంటేనే చర్య.

టి కణమూ సరిగ్గా ఇలాగే నడుచుకుంటుందని కొందరు శాస్త్రవేత్తలు ముందే ఊహించారు. 1970లో పీటర్ బ్రెచర్, మెల్విన్ కోన్ అనే ఇద్దరు, ప్రతిదేహాలను తయారుచేసే కణాలకు ఒక సంకేతం చాలదనీ, రెండు కావాలనీ వాదించారు. 1975లో ఆస్ట్రేలియాలో లాఫర్టీ, కన్నింగ్‌హామ్ ఆ ఆలోచనను టి కణాలకు వర్తింపజేశారు. అప్పటికి ఆ రెండో సంకేతం ఏమిటో ఎవరికీ తెలియదు. కాగితం మీది ఊహ మాత్రమే.

దానికి ప్రయోగంతో బలం చేకూర్చినవారు అమెరికాకు చెందిన మార్క్ జెన్‌కిన్స్, రొనాల్డ్ ష్వార్జ్. 1987లో వాళ్లు చేసిన పని చాలా ముచ్చటైనది. ముక్కను చూపించే కణాలను వాళ్లు ఒక రసాయనంతో బిగుసుకుపోయేలా చేశారు. వాటి ఒంటిమీద ముక్క యథాప్రకారం ఉంది కనుక టి కణం దాన్ని గుర్తుపట్టగలదు. కాని బిగుసుకుపోయిన ఆ కణం వేరే ఏ కబురూ చెప్పలేదు. అంటే మొదటి సంకేతం ఉంది, రెండోది లేదు.

టి కణాలు పెరగలేదు. అంతవరకూ ఊహించినదే. ఆశ్చర్యం ఆ తరువాత జరిగింది. అవే టి కణాలను వేరుచేసి, ఈసారి బతికున్న మంచి కణాలతో, రెండు సంకేతాలూ అందేలా కలిపితే అప్పుడు కూడా అవి పలకలేదు! ఆధారం లేని ఫిర్యాదు ఒకసారి విన్న టి కణం, ఆ తరువాత నిజమైన ఫిర్యాదును కూడా పట్టించుకోని మొద్దు స్థితిలోకి వెళ్లిపోయింది. ఈ మొద్దుతనానికి ఎనర్జీ అని పేరు పెట్టారు. శక్తి అనే అర్థంలో మనం వాడే ఎనర్జీకీ దీనికీ సంబంధం లేదు. ఇంగ్లీషులో ఈ మాట మొదటి అక్షరమే వేరు.

తప్పించుకు తిరిగే ఆ ప్రమాదకరమైన టి కణాలు మనల్ని ఎందుకు పాడుచేయడం లేదో ఇప్పుడు మీరే చెప్పగలరు. అవి మన చర్మకణాన్నో, కాలేయకణాన్నో గుర్తుపడతాయి. మొదటి సంకేతం అందుతుంది. కాని ఆరోగ్యంగా ఉన్న మన కణాల దగ్గర రెండో సంకేతం లేదు. అందువల్ల ఆ టి కణాలు మొద్దుబారిపోతాయి.

పటికబెల్లం కాదు, పటిక

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టనివ్వండి. ఇంట్లో మురికినీటిని తేర్చే పటిక మీకు తెలుసు. కొందరు దిష్టికి గుమ్మానికి కూడా కడతారు. 1926లో ఇంగ్లండులో అలెగ్జాండర్ గ్లెన్నీ, కంఠసర్పి టీకాకు వాడే పదార్థానికి పటిక కలిపితే టీకా ఎంతో బాగా పనిచేస్తుందని కనుక్కున్నాడు. పదేళ్లకూ పదహారేళ్లకూ మీ బడికి వచ్చి వేసే టి.డి. ఇంజెక్షన్‌లో నేటికీ అల్యూమినియం లవణం ఉంటుంది. ఆ రోజు భుజం సలపరించిందంటే అందులో దాని వంతూ ఉంది!

శుద్ధమైన ప్రోటీను ఒక్కటే ఇంజెక్షన్ ఇస్తే శరీరం పెద్దగా పట్టించుకోదు. పటికో, చచ్చిన బాక్టీరియా పొడో కలిపితేనే స్పందిస్తుంది. పరిశోధకులందరూ ప్రయోగాల్లో వీటిని కలుపుతూనే ఉండేవాళ్లు. ఎందుకు కలపాలని మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. 1989లో ఛార్లెస్ జేన్‌వే అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ సంగతిని సభలో బయటపెట్టి, ఇది మనమంతా దాచుకుంటున్న రహస్యమని తోటివారిని ఎత్తిపొడిచాడు. ఆయన వాదన ఇది: కావలి కణాలకు బాక్టీరియాల సామాన్య లక్షణాలను పసిగట్టే గ్రాహకాలు ఉండాలి. అవి ప్రమాదాన్ని పసిగట్టినప్పుడే కావలి కణం రెండో సంకేతాన్ని ఒంటిమీదికి తెస్తుంది. టోల్ గ్రాహకాలు బయటపడ్డాక ఆ ఊహ నిజమని తేలింది. వాటిపై జరిగిన పరిశోధనకూ, స్టైన్‌మన్ డెండ్రైటిక్ కణాలకూ కలిపి 2011లో నోబెల్ బహుమతి ఇచ్చారు. జేన్‌వే దాన్ని చూడలేదు. 2003లోనే చనిపోయాడు. చనిపోయినవారికి నోబెల్ ఇవ్వరు. స్టైన్‌మన్ విషయంలో ఇంకా విచిత్రం! బహుమతి ప్రకటనకు మూడు రోజుల ముందు ఆయన కన్నుమూశాడు. ఆ కబురు కమిటీకి తెలియక ప్రకటించేశారు. తరువాత ఆ బహుమతిని అలాగే ఉంచారు.

పచ్చ బటన్, ఎర్ర బటన్

ఇక ఆ రెండో సంకేతం ఏమిటో చూద్దాం. పొలంలో బోరు మోటారు స్టార్టరు డబ్బాను తలచుకోండి. ముందు మెయిన్ వెయ్యాలి. అది ఒక్కటీ వేస్తే మోటారు తిరగదు. తరువాత పచ్చ బటన్ నొక్కాలి. అప్పుడు నీళ్లు పడతాయి. ఆపాలంటే ఎర్ర బటన్.

టి కణం తనకు తెలిసిన ముక్కను గుర్తుపట్టడం మెయిన్ వేయడం. పచ్చ బటన్ టి కణం మీదే ఉంటుంది. దాని పేరు సి.డి.28. సి.డి. అన్నది తెల్లకణాల మీద కనిపించే ప్రోటీన్లకు శాస్త్రవేత్తలు వేసుకున్న హాజరుపట్టీ అనుకోండి. 28 దాని రోల్ నంబరు. ఈ బటన్‌ను నొక్కే వేలు కావలి కణం మీద ఉంటుంది. దాని పేరు బి7. ఇందులో కవలల్లాంటి రెండు ప్రోటీన్లు ఉన్నాయి, వాటి రోల్ నంబర్లు 80, 86. కావలి కణం ప్రశాంతంగా ఉన్నప్పుడు బి7 చాలా తక్కువగా ఉంటుంది. ప్రమాదం పసిగట్టగానే గుంపుగా పైకి వస్తుంది. సి.డి.28నూ బి7నూ కలిపి చూపింది 1990 ప్రాంతంలో అమెరికాలోని సియాటిల్ నగరంలో పీటర్ లిన్స్‌లీ, ఆయన సహచరులు.

పచ్చ బటన్ నొక్కుకున్నాక టి కణం ఇంటర్‌ల్యూకిన్-2 అనే పదార్థాన్ని ధారాళంగా తయారుచేసుకుంటుంది. అదే దాని పెరుగుదలకు ఎరువు.

ఎర్ర బటన్ కథ మాత్రం చాలాకాలం తికమకగా సాగింది. 1987లో ఫ్రాన్స్‌లో పియర్ గోల్‌స్టైన్ బృందం టి కణాల్లో సి.టి.ఎల్.ఎ.-4 అనే కొత్త ప్రోటీను జన్యువును పట్టుకుంది. చూడటానికి అది సి.డి.28కి తోబుట్టువులా ఉంది. అది కూడా బి7నే పట్టుకుంటుంది, పైగా సి.డి.28 కన్నా ఎన్నోరెట్లు గట్టిగా! తోబుట్టువు కదా, ఇది కూడా మరో పచ్చ బటనే అయి ఉంటుందని కొందరు పెద్దలు నమ్మారు. కాదు, ఇది ఆపేదని జేమ్స్ ఆలిసన్, జెఫ్రీ బ్లూస్టోన్ బృందాలు విడివిడిగా వాదించాయి. వాదన 1995లో తీరిపోయింది. ఆ జన్యువు లేని ఎలుకపిల్లలను పుట్టించి చూశారు. పుట్టినప్పుడు బాగానే ఉన్నాయి. మూడు నాలుగు వారాలు నిండేసరికి చచ్చిపోయాయి. కోసి చూస్తే గుండెనిండా, క్లోమంనిండా టి కణాలు! మోటారు ఆన్ అయింది, ఆపేవాడు లేడు, చేను మునిగింది.

ఇందులోని ఏర్పాటు గమనించండి. ఎర్ర బటన్ విశ్రాంతిలో ఉన్న టి కణం పైన దాదాపు కనిపించదు. కణం పనిలోకి దిగాకే అది పైకి వస్తుంది. వచ్చి, బి7ను సి.డి.28కి దక్కనివ్వకుండా తానే లాక్కుంటుంది. అంటే పనిని మొదలుపెట్టిన వేలే ముగించేది కూడా. ఇదిగాక, మిగతా టి కణాలను అదుపులో ఉంచడానికే నియమితమైన నియంత్రక టి కణాలు ఉన్నాయి. వాటి ఒంటిమీద ఎర్ర బటన్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అవి కావలి కణాల మీది బి7ను పీకి మింగేస్తాయి కూడా. ఈ నియంత్రక కణాలను 1995లో గుర్తించిన జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచికి, వాటిని నడిపే జన్యువును కనిపెట్టిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనుషుల్లో కూడా ఈ ఎర్ర బటన్ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడిపోయినవారు ఉన్నారని 2014లో తెలిసింది. వాళ్లలో చాలామందికి పేగుల్లో, ఊపిరితిత్తుల్లో, కొందరికి మెదడులో కూడా టి కణాలు చేరి వాపు తెస్తాయి. ఆశ్చర్యం ఏమంటే, కుటుంబంలో ఒకే లోపం ఉన్న ఇద్దరిలో ఒకరు తీవ్రంగా జబ్బుపడితే రెండోవారు ఏమీ లేకుండా తిరుగుతుండవచ్చు. మరి పచ్చ బటన్ లేకుండా పుడితే? అలాంటి ముగ్గురిని ఇరాన్‌లోని ఒక కుటుంబంలో కనుగొన్నట్టు 2021లో ప్రచురించారు. వాళ్లకు పులిపిర్లు తెచ్చే వైరస్ మీద మాత్రం అదుపులేదు. ఒకరికి చేతులూ కాళ్లూ చెట్టుబెరడులా పులిపిర్లతో కప్పుకుపోయాయి. మిగతా జబ్బుల విషయంలో వాళ్లు చాలావరకు ఆరోగ్యంగానే ఉన్నారు. ఒంట్లో ఇతర సహాయ బటన్లూ ఉన్నాయని దీన్నిబట్టి తెలుస్తోంది. నిజమే, సి.డి.40, ఐకాస్, 4-1బిబి అంటూ ఇంకా చాలా ఉన్నాయి. వాటి జోలికి నేను ఇప్పుడు పోను.

వేలికి తొడుగు, బటన్‌కు మూత

కీళ్లవాతంలో ఒక రకం రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్. పొద్దున్న లేవగానే వేళ్లు ముడవలేరు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేరు, చెంబు ఎత్తలేరు. ఇందులో టి కణాలే కీళ్ల మీదికి ఎగబడతాయి. వాటిని శాంతింపజేయడం ఎలా? లిన్స్‌లీ బృందానికి ఒక ఉపాయం తోచింది. ఎర్ర బటన్ బి7ను గట్టిగా పట్టుకుంటుంది కదా! దాని పైభాగాన్ని కోసి, ఒక ప్రతిదేహం తోకకు అతికించి, విడి మందుగా రక్తంలోకి వదిలితే? అది వెళ్లి బి7 వేళ్లన్నింటికీ తొడుగులా పట్టుకుంటుంది. పచ్చ బటన్ నొక్కడానికి వేలు ఖాళీ ఉండదు. ఆ మందు పేరు అబాటసెప్ట్. 2005 డిసెంబరులో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. దాన్నే కొంచెం మార్చి చేసిన బెలాటసెప్ట్‌ను, ఇతరుల మూత్రపిండం అమర్చినవారిలో ఆ అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా 2011 నుంచి వాడుతున్నారు. ఊరికే ఏదీ రాదు. తొడుగు వేసినన్నాళ్లూ అంటువ్యాధుల విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

అబాటసెప్ట్‌ను తరచుగా మెథోట్రెక్సేట్ అనే పాత మందుతో కలిపి ఇస్తారు. ఆ మెథోట్రెక్సేట్ తయారైన లెడర్లీ ప్రయోగశాలకు పరిశోధనాధిపతిగా ఉన్నది ఎవరో తెలుసా? భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

క్యాన్సరులో అవసరం దీనికి తలకిందులు. క్యాన్సరు కణాలకు సాధారణంగా బి7 ఉండదు. వాటిని గుర్తుపట్టిన టి కణాలు కూడా త్వరగా ఆగిపోతుంటాయి. అందరూ పచ్చ బటన్‌ను ఎలా నొక్కాలా అని ఆలోచిస్తుంటే, ఆలిసన్ ఎర్ర బటన్‌కు మూత పెడితే పోలా అన్నాడు. దాన్ని కప్పే ప్రతిదేహాన్ని ఎలుకలకు ఇస్తే గడ్డలు కరిగిపోయాయి. 1996లో ఆ ఫలితం ప్రచురించాడు. మందుల కంపెనీలు మొదట నమ్మలేదు. చివరకు 2011లో ఇపిలిముమాబ్ పేరుతో ఆ మందు చర్మ క్యాన్సరు రోగులకు అందింది. పి.డి.-1 అనే ఇంకో ఎర్ర బటన్‌ను 1992లో జపాన్‌లో తసుకు హొంజో బృందం కనిపెట్టింది. 2018లో ఆలిసన్, హొంజోలకు నోబెల్ బహుమతి ఇచ్చారు. అయితే ఎర్ర బటన్‌కు మూత పెట్టినప్పుడు ఆ ఎలుకపిల్లల సంగతి మరవకూడదు. కొందరు రోగులకు పేగులు, చర్మం, థైరాయిడ్ గ్రంథి దెబ్బతింటాయి.

మళ్లీ లండన్‌కు

లండన్‌లో ఆ ఆరుగురికి ఎక్కించిన మందు టి.జి.ఎన్.1412. జర్మనీకి చెందిన టెజెనెరో అనే చిన్న కంపెనీ దాన్ని తయారుచేసింది. అది పచ్చ బటన్‌ను, అంటే సి.డి.28ను నొక్కే ప్రతిదేహం. మామూలు ప్రతిదేహమైతే మెయిన్ వేసి ఉన్న టి కణాల్లోనే పనిచేసేది. దీని విశేషం వేరు. ఇది సి.డి.28ను ఎంత గట్టిగా బిగిస్తుందంటే, మెయిన్ వేయకుండానే మోటారు తిరుగుతుంది. స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించి కరెంటు లాగినట్టన్నమాట.

ఇంత ప్రమాదకరమైనదాన్ని ఎందుకు తయారుచేశారని మీరు అడుగుతారు. ప్రయోగశాల ఎలుకలకు ఇచ్చినప్పుడు ఇది మిగతావాటికన్నా నియంత్రక టి కణాలనే ఎక్కువగా పెంచింది. కీళ్లవాతం లాంటి జబ్బులు తగ్గాయి. కోతుల్లోని సి.డి.28, మందు పట్టుకునే భాగంలో అచ్చం మనిషిదే. ఆ కోతులకూ ఏమీ కాలేదు. ఇంకేం కావాలి?

కావలసింది ఒకటి ఉంది. 2010లో ఇంగ్లండు పరిశోధకులు దాన్ని కనిపెట్టారు. మన ఒంట్లో రెండు రకాల టి కణాలు ఉంటాయి. ఇంకా ఏ క్రిమినీ ఎదుర్కోని కొత్త కణాలు కొన్ని, పాత జబ్బులను ఎదుర్కొని అనుభవం సంపాదించినవి కొన్ని. అనుభవం ఉన్నవి కణజాలాల్లో కాచుకుని, మీట నొక్కగానే ఇంటర్‌ఫెరాన్ లాంటి సైటోకైన్ పదార్థాలను వెదజల్లుతాయి. మనిషిలో ఆ అనుభవజ్ఞులైన సహాయక టి కణాల మీద సి.డి.28 నిలిచి ఉంటుంది. ఆ జాతి కోతుల్లో, అనుభవం వచ్చేసరికి సి.డి.28 మాయమైపోతుంది. బటనే లేకపోతే నొక్కేదేముంది! శుభ్రమైన పంజరాల్లో పెరిగిన ఎలుకలకు జబ్బులు తెలియవు గనుక వాటిలో అనుభవం ఉన్న కణాలు అసలే తక్కువ. ఆ ఆరుగురు యువకులు మాత్రం చిన్నప్పటినుంచీ జలుబులూ జ్వరాలూ పడి పెరిగినవాళ్లే. వాళ్ల ఒంట్లో అలాంటి కణాలు ఎన్నో ఉన్నాయి. అన్నింటి పచ్చ బటన్లూ ఒక్కసారిగా నొక్కుకున్నాయి. సైటోకైన్లు ఉప్పెనలా రక్తంలోకి వచ్చాయి. 2020లో కోవిడ్ రోజుల్లో సైటోకైన్ తుపాను అన్న మాట పత్రికల్లో మీరు చూసే ఉంటారు.

నన్ను బాధించేది 500వ వంతు లెక్క కాదు, పది నిమిషాల లెక్క. మందు ప్రభావం బయటపడటానికి గంటో గంటన్నరో పట్టింది. మనిషికీ మనిషికీ మధ్య పది నిమిషాలే ఆగడంతో, మొదటివాడి అవస్థ పూర్తిగా తెలిసేలోగా వరుసలో చివరివాడికి కూడా మందు వెళ్లిపోయింది. ఒక్కరికి ఇచ్చి ఒక రోజు ఆగి ఉంటే, మిగతా ఐదుగురికీ ఆ గతి పట్టేది కాదు. దీనికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు, చేతి గడియారం చాలు. ఆ తరువాత బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘం ఈ మాటే చెప్పింది. ఇలాంటి కొత్త మందును మొదట ఒక్కరికే ఇవ్వాలి, తగినంత కాలం ఆగాకే రెండోవారికి ఇవ్వాలి. మొదటి మోతాదును, జంతువుకు హాని చేయని మోతాదునుబట్టి కాకుండా, మనిషి కణాల్లో కనిష్ఠంగా ప్రభావం చూపే మోతాదునుబట్టి నిర్ణయించాలి. 2007లో యూరప్ దేశాల మందుల సంస్థ ఇందుకు నిబంధనలు విడుదల చేసింది.

ఆరుగురూ బతికారు. ఒక్కొక్క అవయవానికి యంత్రాల ఆసరా ఇస్తూ, సైటోకైన్లను అణచే స్టెరాయిడ్లు ఇస్తూ డాక్టర్లు వాళ్లను గట్టెక్కించారు. ఇద్దరి పరిస్థితి అందరికన్నా విషమించింది. వారిలో ఒకరికి రక్తప్రసరణ నిలిచిపోయి కాలివేళ్లూ, కొన్ని చేతివేళ్ల కొనలూ పోయాయి. టెజెనెరో కంపెనీ ఆ ఏడాదే దివాలా తీసింది.

మందు మాత్రం మూలపడలేదు. దాన్ని మొదట కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త థామస్ హ్యూనిగ్ బృందం తిరిగి గాజు పాత్రల ముందు కూర్చుంది. మనిషి రక్తకణాలను పాత్రలో పలచగా వేసి పరీక్షిస్తే ఆ ఉప్పెన కనిపించదనీ, కణజాలంలో మాదిరి దగ్గర దగ్గరగా కిక్కిరిసి ఉంచితే కనిపిస్తుందనీ వాళ్లు తెలుసుకున్నారు. ఈ పరీక్ష ముందే తెలిసి ఉంటే లండన్‌లో ఆ సోమవారం మామూలు సోమవారమై ఉండేది. ఆ పాత్రల్లోనే వాళ్లు, నియంత్రక కణాలను మాత్రమే కదిలించే అతి చిన్న మోతాదును వెతికి పట్టారు. లండన్ మోతాదులో వెయ్యో వంతుతో మొదలుపెట్టి, మెల్లమెల్లగా పెంచుతూ, అదే మందును మళ్లీ ఆరోగ్యవంతులైన మనుషులకు ఇచ్చి చూశారు. 2014లో ఫలితాలు ప్రచురించారు. ఈసారి ఉప్పెన రాలేదు. మంటను చల్లార్చే సైటోకైన్ ఒక్కటి రక్తంలో కొద్దిగా పెరిగింది.